వాట్లు పెంచితే దారి కనిపిస్తుందా?

పికప్ బండి హెడ్‌లైట్లు మసకబారితే మందు బల్బులో కాదు, తీగలో ఉంది. పండరీ సందులో ఒక మిస్త్రీ నేర్పిన పాఠం ఇది

రాయ్‌పూర్‌లోని పండరీ బట్టల మార్కెట్‌లో ఒక అలవాటు ఉంది. అనుభవమున్న వ్యాపారి తానును కొట్టు లోపలి ట్యూబులైటు కింద చూసి బేరమాడడు. మడత విప్పి, గడప దాకా తెచ్చి, ఎండలో పట్టి చూస్తాడు. రంగు నిజంగా ఏమిటో, నేతలో లోపం ఎక్కడుందో తెలిసేది అక్కడే. అయితే వెలుతురులో ఇంత జాగ్రత్తగా ఎంచుకున్న ఆ సరుకు చీకటి పడ్డాక ఎక్కేది ఎలాంటి బండి? ముందున్న గొయ్యి దానిలో పడ్డాక గానీ కనిపించని పికప్.

అలాంటి పికప్ ఒకటి మా బావది. మా మేనమామ పాలకొండ నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో పనికి కుదిరి, ఇక్కడే రిటైరయ్యారు. ఆయన కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు, బండి వచ్చింది. పండరీలో మూటలు ఎక్కించుకుని ధమ్తరి, కాంకేర్, కొండగావ్ కొట్లకు, బస్తర్ సంతలకు చేరవేయటం ఆయన పని. దారి 30వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు ఇది 43. పాత 43 జగదల్‌పూర్ దాటాక విజయనగరం వైపు తిరిగేది. ఇప్పటి 30 కోంటా, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. అంటే రాయ్‌పూర్‌లో వెలిగిన హెడ్‌లైటు సమస్య ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు, మన ఊరి దాకా వస్తుంది.

నిరుడు శ్రావణంలో ఒక రాత్రి ఆ బండిలో నేనూ ఉన్నాను. అభన్‌పూర్ దాటాం. కురూద్ ఇంకా రాలేదు. సన్నగా వాన. ఎదురుగా వచ్చిన లారీ కళ్లు చెదరగొట్టి పోయింది. ఆ తర్వాతి రెండు మూడు క్షణాలు రోడ్డు లేదు, నలుపే ఉంది. ఆ నలుపులోంచి ఒక సైకిల్ వచ్చింది. దానికి వెనుక రిఫ్లెక్టర్ లేదు, తొక్కుతున్నాయన ఒంటి మీద నల్లటి ప్లాస్టిక్ కప్పు. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ఆగేసరికి మా బంపర్‌కీ ఆయన వెనుక చక్రానికీ మధ్య జానెడు దూరం ఉంది.

ఆయన దిగి, ముందు మా ముఖాలు చూడలేదు. మా హెడ్‌లైట్లు చూశాడు. ‘దీపం పెట్టుకుని బండి నడుపుతున్నావా?’ అని ఛత్తీస్‌గఢీలో అడిగాడు. బావ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఊహించనిది ఎదురైతే డ్రైవర్ కాలు బ్రేకు మీదికి చేరటానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ ఒకటిన్నర సెకనులోనే బండి 25 మీటర్లు పోతుంది. తడిసిన రోడ్డు మీద బ్రేకులు పట్టి ఆగేలోగా మరో 28 మీటర్లు. మొత్తం 50 మీటర్ల పైమాటే. మా బండి డిమ్ వెలుగులో నల్లటి బట్ట కట్టుకున్న మనిషి కనిపించేది 30 మీటర్లలోపే. మిగతా 20 మీటర్లు దేవుడి దయ. ఆ రాత్రి వాన వల్ల బావ 40కి మించి పోనివ్వలేదు. 40 వేగంలో ఆగే దూరం 29 మీటర్లు. ఆ జానెడు ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది.

ఇది ఒక్క బండి కథ కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఏటా ఆ నివేదికలో మారని అంశం ఒకటుంది. రోజును మూడేసి గంటల ముక్కలుగా కోస్తే, ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 మధ్య. మొత్తంలో దాదాపు ఐదో వంతు ఆ మూడు గంటలవే. ఇక ఛత్తీస్‌గఢ్‌లో వానాకాలం వచ్చిందంటే పశువులు పొడిగా ఉండే తారు రోడ్డు వెతుక్కుని, రాత్రంతా అక్కడే నెమరు వేస్తాయి. పంట కాలంలో పశువులను కట్టడి చేసే పాత ఆచారాన్ని 2020లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘రోకా ఛేకా’ పేరుతో కార్యక్రమంగా మార్చింది. రోడ్ల మీది పశువుల సంగతి బిలాస్‌పూర్‌లోని హైకోర్టు దాకా కూడా వెళ్లింది. ఆవుకు టెయిల్ లైట్ ఉండదు కాబట్టి దాన్ని చూడాల్సిన బాధ్యత మన హెడ్‌లైటుదే.

బావ మర్నాడే ఒక నిర్ణయానికి వచ్చాడు. ‘ఇక లాభం లేదు బావా, వంద వాట్ల బల్బులు వేసెయ్యాలి. లేదంటే ఎల్‌ఈడీ’ అన్నాడు. రోడ్డు మీద నూటికి తొంభై మంది చేసే ఆలోచన ఇదే. పండరీలో అంతర్రాష్ట్ర బస్టాండ్ ఉన్న రోజుల నుంచీ ఆ చుట్టుపక్కల సందుల్లో బళ్లు బాగుచేసే వాళ్లున్నారు. బస్టాండ్ 2021లో భాటాగావ్‌కు తరలిపోయింది. కొందరు మిస్త్రీలు మాత్రం కదల్లేదు. వారిలో ఒక పెద్దాయన, అందరూ ‘చాచా’ అని పిలిచే ఆటో ఎలక్ట్రీషియన్, బావ కోరిక విని బల్బు తీయలేదు. మల్టీమీటర్ తీశాడు.

ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర కొలిచాడు: 13.8 వోల్టులు. తర్వాత హెడ్‌లైటు వెనుక, బల్బు హోల్డర్ దగ్గర కొలిచాడు: 11.8. రెండు వోల్టులు దారిలో మాయం. ‘ట్యాంకు నిండుగానే ఉంది. గొట్టం సన్నం’ అన్నాడు చాచా. నేను రెండేళ్లు రాజనీతి శాస్త్రం చదివాను. ఢిల్లీలో విడుదలైన నిధి గ్రామానికి చేరేలోగా ఎలా కరిగిపోతుందో పరీక్షలో పేజీలకు పేజీలు రాశాను. ఇంత క్లుప్తంగా ఎప్పుడూ రాయలేదు.

విషయం ఏమిటంటే, పాత తరహా వైరింగ్ ఉన్న బళ్లలో హెడ్‌లైటుకు వెళ్లే కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టెకు, అక్కడి నుంచి స్టీరింగ్ దగ్గరి స్విచ్చికి, డిప్పర్ స్విచ్చికి, మళ్లీ ముందుకు వచ్చి బల్బుకు చేరుతుంది. సన్నటి తీగ, పొడవాటి దారి, మధ్యలో అరడజను అతుకులు. బండి కొత్తలో నష్టం కొంతే. నాలుగు వానాకాలాలు గడిచి అతుకులకు చిలుము పట్టాక, బాడీకి బిగించిన ఎర్త్ మరకు తుప్పు పట్టాక నష్టం పెరుగుతుంది.

రెండు వోల్టులే కదా అనుకోవచ్చు. హాలోజెన్ బల్బు అలా అనుకోదు. దాని వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా, రమారమి వోల్టేజీ 3.4వ ఘాతం చొప్పున పడిపోతుంది. పది శాతం వోల్టేజీ తగ్గితే దాదాపు 30 శాతం వెలుగు పోతుంది. మన పికప్‌లలో ఎక్కువగా కనిపించే హెచ్4 బల్బు 60/55 వాట్లది. దాని ప్రమాణాలు 13.2 వోల్టుల దగ్గర నిర్ణయించినవి: అప్పర్‌లో 1,650 ల్యూమెన్లు, డిమ్‌లో 1,000. హోల్డర్‌కు 13.8 అందితే వచ్చే వెలుగుతో పోలిస్తే 11.8 దగ్గర వచ్చేది 60 శాతం కూడా కాదు. సైకిలాయన ‘దీపం’ అన్నది ఉత్త వెటకారం కాదు.

అదే తీగ మీద వంద వాట్ల బల్బు పెడితే? కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే తీగలో నష్టమూ పెరుగుతుంది. కట్టిన డబ్బుకు తగ్గ వెలుగు రాదు. వేడి మాత్రం వస్తుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 వాట్ల చోట 100 వాట్లు పెడితే అది రెండింతలు దాటి మూడింతల వైపు వెళుతుంది. ముందు హోల్డర్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత స్విచ్చి కరుగుతుంది, ఒక్కోసారి రాత్రి మధ్యలో రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. మసక లైటు కంటే ప్రమాదకరమైనది ఆరిపోయిన లైటు.

చాచా చేసిన పని వేరు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి రాగి తీగ, 2.5 చదరపు మిల్లీమీటర్లది, ముందుకు తెచ్చాడు. మధ్యలో రెండు రిలేలు పెట్టాడు, ఒకటి డిమ్‌కు, ఒకటి అప్పర్‌కు. పాత స్విచ్చి నుంచి వచ్చే సన్న తీగ ఇక రిలేకు సైగ మాత్రమే చేస్తుంది. బరువు మోసేది రిలే, లావు తీగ. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజులు పెట్టాడు. కుడి దీపానికొకటి, ఎడమ దీపానికొకటి. ‘ఒకటి పోయినా ఇంకోటి ఇంటికి చేరుస్తుంది’ అన్నాడు. ఎర్త్ తీగను తుప్పు పట్టిన మర నుంచి తప్పించి, బాడీ మీద రంగు గీకి, శుభ్రమైన లోహానికి బిగించాడు. బల్బులు పాత వాట్లవే, కానీ కొత్తవి, రెండూ ఒకేసారి మార్చాడు. గాజును వేలితో తాకనివ్వలేదు. చర్మం మీది జిడ్డు అంటిన చోట క్వార్ట్జ్ గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. మళ్లీ కొలిస్తే హోల్డర్ దగ్గర 13.4. లెక్క ప్రకారం వెలుగు ఒకటిన్నర రెట్లు. ఖర్చు ఒక కొత్త టైరు ధరలో నాలుగో వంతు కాలేదు.

ఇక అద్దం. ఇప్పటి హెడ్‌లైట్ల ముందుండేది గాజు కాదు, పాలికార్బొనేట్. కొత్తలో దాని మీద ఎండను ఆపే పూత ఉంటుంది. రాయ్‌పూర్ ఎండకు ఆ పూత పోయి, ప్లాస్టిక్ పసుపుబారి, శుక్లం పట్టిన కన్నులా తయారవుతుంది. పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూ, ముందు 800, తర్వాత 1500, ఆపై 2000 నంబరుతో రుద్ది, పాలిష్ పెడితే తేటపడుతుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పారదర్శక పూత మళ్లీ వేయాలి. అది వేయకపోతే కొద్ది నెలల్లో మళ్లీ పసుపే. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా కూడా అంతే, నాలుగు రోజుల ముచ్చట. లోపలి రిఫ్లెక్టర్ వెండి పొర నల్లబడితే మాత్రం తుడిచి లాభం లేదు, దీపం సెట్టు మార్చాల్సిందే.

ఎల్‌ఈడీ సంగతేమిటి? ఎల్‌ఈడీ చెడ్డది కాదు. దాని కోసం తయారైన దీపంలో అది అద్భుతంగా పనిచేస్తుంది. చిక్కల్లా హాలోజెన్ కోసం చేసిన గిన్నెలో దాన్ని దూర్చటంలోనే. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు రేకు ఉంటుంది. వెలుగు పైకి, ఎదుటివాడి కళ్లలోకి పోకుండా ఆ రేకే గీత గీస్తుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంట్ ఉన్న చోటును బట్టి, మిల్లీమీటరు తేడా లేకుండా లెక్కగట్టినది. ఎల్‌ఈడీ చిప్పులు ఆ చోట అదే ఆకారంలో కూర్చోకపోతే గీత చెదురుతుంది. బంపర్ ముందు పది మీటర్లు తెల్లగా మెరిసిపోతాయి, డ్రైవర్ సంతోషిస్తాడు. దూరాన చూపు తగ్గుతుంది, ఎదుటివాడు గుడ్డివాడవుతాడు. జర్మనీలో 2020లో ఇలాంటి ఎల్‌ఈడీ బల్బుకు మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు కూడా అన్ని బళ్లకూ ఇవ్వలేదు. పరీక్షించి చూసిన మోడళ్లకే ఇచ్చారు. ఇక్కడ ఫుట్‌పాత్ మీద దొరికే డబ్బా మీద ‘అన్ని బళ్లకూ సరిపోతుంది’ అని ఉంటుంది. నీలిరంగు పూత పూసి ‘తెల్లని వెలుగు’ అని అమ్మే హాలోజెన్ బల్బుల కథా అంతే. పూత వెలుగును కొంత మింగేస్తుంది.

రాజనీతి శాస్త్రంలో దీనికి ఒక పేరుంది. ‘భద్రతా సందిగ్ధం’. 1950లో జాన్ హెర్జ్ అనే పండితుడు పెట్టిన పేరు. ఒక దేశం తన రక్షణకని ఆయుధాలు పెంచుకుంటుంది. అది చూసి పక్క దేశం భయపడి తానూ పెంచుతుంది. చివరికి ఇద్దరికీ మునుపటి భద్రత కూడా మిగలదు. 30వ నంబరు రహదారి మీద రాత్రి జరుగుతున్నది అదే. ఎదుటివాడి లైటుకు నా కళ్లు చెదిరాయి కాబట్టి నేను వంద వాట్లు వేస్తాను. నా వంద వాట్లకు వాడు బంపర్ మీద ఎల్‌ఈడీ పట్టీ బిగిస్తాడు. ఈ పోటీలో ఓడేది ఇద్దరి మధ్యా సైకిల్ మీద వెళ్లేవాడు. లారీల వెనుక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాయించుకున్న దేశంలో డిప్పర్ ఒక ఒప్పందం. కానీ డిప్పర్ వేసినా కిందికి వంగని వెలుగుతో ఆ ఒప్పందం ఎలా నిలుస్తుంది?

పికప్‌కు ఈ విషయంలో ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. ఖాళీగా ఉన్నప్పుడు సరిగా ఉన్న లైటు, మూటలు ఎక్కాక సరిగా ఉండదు. వెనుక కమాన్లు కిందికి దిగుతాయి, ముక్కు పైకి లేస్తుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య మూడు మీటర్లున్న బండి వెనుక అయిదు సెంటీమీటర్లు దిగితే వెలుగు దాదాపు ఒక డిగ్రీ లేస్తుంది. ఒక డిగ్రీ అంటే 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్ల ఎత్తు. బంపర్ మీద పడాల్సిన వెలుగు సరిగ్గా ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది. సరుకుతో వెళ్లేటప్పుడు తాను డిమ్‌లోనే ఉన్నా ఎదుటివాళ్లు తనకు లైట్లు కొడుతున్నారని బావ ఏళ్ల తరబడి విసుక్కున్నాడు. తప్పు వాళ్లది కాదు.

సరిచేయటం కష్టం కాదు. టైర్లలో గాలి సరిగా ఉంచి, రోజూ మోసేంత సరుకు ఎక్కించి, సమతలంగా ఉన్న చోట గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలపాలి. దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంత ఎత్తులో ఒక గీత, దానికి పది సెంటీమీటర్ల కింద మరో గీత గీయాలి. డిమ్ వెలుగు పై అంచు కింది గీత మీద పడేలా దీపం వెనుక మర తిప్పాలి. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి వెలుగు ఎడమకు కొంచెం లేస్తే మంచిదే. కుడికి లేస్తే ఆ దీపం వేరే దేశం కోసం చేసినది. కొన్ని బళ్లలో డ్యాష్‌బోర్డు మీద సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. సరుకు ఎక్కినప్పుడు తిప్పాల్సినది అదే. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు.

చట్టం ఏమంటోంది? కేంద్ర మోటారు వాహన నిబంధనలు దీపానికి 8 మీటర్ల ముందు, ఒకటిన్నర మీటరు ఎత్తులో కన్ను ఉన్న మనిషికి వెలుగు కళ్లు చెదరగొట్టకూడదంటాయి. కంపెనీ నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలోని 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల వాట్లు, దీపం రకం జోలికి పోకుండా, ఉన్న బల్బుకు అందాల్సిన వోల్టేజీ అందించటమే తెలివైన పని. వారంటీలో ఉన్న బండి అయితే తీగను తాకే ముందు కంపెనీ సర్వీసు కేంద్రంతో మాట్లాడటం మంచిది.

నేరం మొత్తం డ్రైవర్ మీదికి నెట్టటం కూడా న్యాయం కాదు. అమెరికాలో బీమా సంస్థలు నడిపే హైవే భద్రతా సంస్థ, ఐఐహెచ్‌ఎస్, 2016లో హెడ్‌లైట్లకు మార్కులు వేయటం మొదలుపెట్టింది. ఆ ఏడాది 11 పికప్‌లను పరీక్షిస్తే ‘గుడ్’ వచ్చింది ఒక్కదానికే, హోండా రిడ్జ్‌లైన్‌కు. అంత ఖరీదైన బళ్ల సంగతే అది. విశేషమేమిటంటే, మార్కులు బయటపెట్టటం మొదలయ్యాక కంపెనీలు దీపాలు మార్చుకున్నాయి. ‘పూర్’ మార్కు వచ్చిన లైట్లున్న వాటి కంటే ‘గుడ్’ వచ్చిన లైట్లున్న బళ్లు రాత్రిళ్లు ఒంటరిగా ప్రమాదాలకు గురికావటం 19 శాతం తక్కువని ఆ సంస్థే 2021లో తేల్చింది. మన దేశంలో 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు ప్రయాణికుల కార్ల కోసం. మూటలు మోసే పికప్‌కు అందులో చోటు ఇవ్వలేదు. సరుకు బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, అందులో హెడ్‌లైటు తనిఖీ ఉంది. కానీ బల్బు వెలుగుతోందా అని చూడటం వేరు, వెలుగు ఎక్కడ పడుతోందో యంత్రం పెట్టి కొలవటం వేరు. రెండోది ప్రతి బండికీ, ప్రతిసారీ జరిగిన రోజున చాచాకు గిరాకీ తగ్గుతుంది. ఆయన దానికి బాధపడతాడని నేననుకోను.

పని పూర్తయిన రాత్రి బావ మళ్లీ బయలుదేరాడు. నేనూ ఎక్కాను. మూటలు నిండుగా ఉన్నాయి. రోడ్డు ఎడమ అంచు, మైలురాళ్ల తెలుపు, కురూద్ దగ్గర పడుకున్న మూడు ఎద్దుల కళ్లు, అన్నీ వాటి వాటి దూరంలో కనిపించాయి. పగలు అయిందని చెప్పను. చీకటి చీకటిగానే ఉంది, దారి మాత్రం ఉంది. ధమ్తరి చేరేదాకా నేను లెక్కపెట్టింది వేరు. ఎదురుగా వచ్చినవాళ్లలో విసుగుతో మాకు లైటు కొట్టినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకడు ఎవరికైనా కొట్టేలా ఉన్నాడు.